బ్రింగ్‌కు బ్ర్యాంగ్ ఎందుకు రాదు? పిల్లవాడికి వెర్బ్స్ ఎట్లా నేర్పాలి?

ప్రశ్న (ఏడో తరగతి పిల్లవాడి అమ్మ, హనుమకొండ):
మా బాబుకు స్కూల్లో వెర్బ్స్ లిస్టు ఇచ్చి ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పట్టమన్నారు. రాత్రి అప్పజెబుతూ 'సింగ్, స్యాంగ్, సంగ్' అన్నాడు. అదే ఊపులో 'బ్రింగ్, బ్ర్యాంగ్, బ్రంగ్' అనేశాడు. తప్పని తెలుసు, ఎందుకు తప్పంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. నాది తెలుగు మీడియం. దీనికి రూలేమైనా ఉందా?

జవాబు (రిటైర్డ్ ఇంగ్లీష్ టీచర్, నర్సంపేట):
అమ్మా, మీవాడు బట్టీ పట్టట్లేదు, ఆలోచిస్తున్నాడు. సంతోషించండి. బ్రింగ్ చూడ్డానికి సింగ్ లాగే ఉంటుంది గానీ దాని రెండో, మూడో రూపాలు రెండూ 'బ్రాట్', దాని చుట్టాలు వేరు: థింక్-థాట్, బై-బాట్, టీచ్-టాట్, క్యాచ్-కాట్. అక్షరాల వరసలో చదివితే ఈ చుట్టరికం ఎవరికీ కనపడదు. ఆ లిస్టు జిరాక్స్ తీసి, కత్తెరతో ముక్కలు చేసి, గుంపులు కట్టించండి. ముందు కట్, పుట్, హిట్, షట్, హర్ట్. మూడు రూపాలూ ఒకటే కాబట్టి ఒక్క పూటలో వచ్చేస్తాయి. తర్వాత సింగ్, రింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్. ఆ తర్వాతే బ్రాట్ గుంపు.

గో-వెంట్ ఏ గుంపులోనూ ఇమడదు. వెంట్ అసలు వెండ్ అనే వేరే క్రియది. గోకు ఉన్న పాత రూపం వాడుకలోంచి పోయి, ఇది వచ్చి కూర్చుంది. మనం 'రా' అని పిలిచి 'వచ్చాడు' అంటాం, మనకేమన్నా వింతగా ఉందా? వాళ్లకూ అంతే.

జవాబు (డిగ్రీ స్టూడెంట్, కాజీపేట):
అక్కా, లిస్టు వచ్చినా వాక్యంలో దొరికిపోతారు. మా ఇంటర్వ్యూ ప్రాక్టీసులో సగం మంది 'ఐ డిడ్ నాట్ వెంట్' అంటారు. డిడ్ వచ్చిందంటే గతం అక్కడే చెప్పేసినట్టు, ఇక గో చాలు. హ్యావ్ వస్తే మూడో రూపం: 'హ్యావ్ గాన్'. ఇవి కాగితం మీద కాదు, నోటితో అనిపించండి.

ప్రశ్న అడిగినవారు:
సార్, ముక్కలు చేశాం, మంచం నిండా అవే. రీడ్ ఎక్కడ పెట్టాలని అడుగుతున్నాడు.

నర్సంపేట టీచర్:
కట్ గుంపులోనే. స్పెల్లింగ్ మారదు, రెండో మూడో రూపాలను మాత్రం 'రెడ్' అని పలకాలి. బీట్‌ను కూడా అక్కడే పెడతానంటాడు చూడండి, పెట్టనివ్వకండి. దాని మూడో రూపం బీటెన్.