గుర్రం తక్కువైనా గెలుస్తున్న యంత్రం: ఆడినవారు, చూసినవారు అనుభవాలు చెప్పండి

ఖాళీ_బి1

నేను హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు చెస్ టోర్నమెంట్లు ఆడే మామూలు ఆటగాణ్ని. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1700కు అటూ ఇటూగా ఉంటుంది. లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో లీలా ఇంజన్‌ను, అంటే చెస్ ఆడే ప్రోగ్రామ్‌ను, ఒక గుర్రం తీసేసి ఆడించే బాట్ ఉందని తెలిసి, నెల రోజులుగా రాత్రి భోజనమయ్యాక దానితో మూడు నిమిషాల ఆటలు ఆడుతున్నాను. ఎక్కువగా తెల్ల పావులు దానికే ఇచ్చి, దాని గుర్రం ఉండవలసిన బి1 గడి ఖాళీగా ఉంచి మొదలుపెడతాను. ఇప్పటికి నలభై ఆటలయ్యాయి. గెలిచినవి మూడు, డ్రా చేసుకున్నవి రెండు.

మా క్లబ్బులో నాకంటే రెండు వందల పాయింట్లు ఎక్కువున్న ఆటగాడు గుర్రం ఇచ్చి ఆడితే, ఆయన్ను సునాయాసంగా ఓడించగలను. ఇక్కడ మాత్రం ఇరవయ్యో ఎత్తు వచ్చేసరికి, నా దగ్గర అదనంగా ఉన్న గుర్రం ఏ మూల ఏ బంటు వెనక ఇరుక్కుపోయిందో వెతుక్కోవలసి వస్తోంది. నా సంగతి సరే, గ్రాండ్‌మాస్టర్లకు ఇంజన్లు రాయితీ ఇచ్చి (ముందే ఒక పావునో, కొన్ని ఎత్తులనో వదులుకుని) ఆడిన మ్యాచ్‌లలో ఏం జరిగింది? ఎంత ఇస్తే ఆట సమానమవుతుంది? తెలిసినవారు రాయగలరు.

పాత_గడియారం

ఈ తరహా మ్యాచ్‌లను మొదటినుంచీ గమనిస్తున్నవాణ్ని కనుక గుర్తున్నంతవరకు చెబుతాను. రాయితీ ఇచ్చి ఆడడం యంత్రాలతో పుట్టిన అలవాటు కాదు. పందొమ్మిదో శతాబ్దపు కాఫీ హౌసుల్లో బలమైన ఆటగాడు ఒక బంటో, గుర్రమో, ఏనుగో తీసేసి ఆడడం మామూలు సంగతి. యూరప్‌లో అందరినీ ఓడించి 1859లో అమెరికాకు తిరిగివచ్చిన పాల్ మార్ఫీ, ఇకపై బంటు, మొదటి ఎత్తు ఇస్తే తప్ప ఎవరితోనూ ఆడనన్నాడు. ఆ పాత ఒప్పందాన్నే యంత్రం చేతికిచ్చి మళ్లీ మొదలుపెట్టారు.

సమాన బలాలతో ఆడే రోజులు 2006తో దాదాపు ముగిశాయని నా అభిప్రాయం. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఓటమిని అందరూ గుర్తుపెట్టుకున్నారు కానీ, ఆ తరువాత కూడా మనుషులు డ్రాలు చేసుకున్నారు. 2002లో బహ్రెయిన్‌లో ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అనే ఇంజన్ 4–4తో సరిపెట్టుకున్నారు. 2005లో లండన్‌లో హైడ్రా అనే యంత్రం గ్రాండ్‌మాస్టర్ మైకేల్ ఆడమ్స్‌ను 5.5–0.5తో ఓడించింది. 2006లో బాన్‌లో క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ చేతిలో 2–4తో ఓడాడు. అక్కడితో ప్రశ్న మారిపోయింది: మనిషి గెలుస్తాడా అని కాక, ఎంత ఇస్తే గెలుస్తాడని అడగడం మొదలైంది.

2007లో రిబ్కా ఇంజన్, ఎస్టోనియాలో పుట్టిన గ్రాండ్‌మాస్టర్ యాన్ ఎల్వెస్ట్‌తో ఎనిమిది ఆటలు ఆడింది. ఆటకొక బంటు చొప్పున వదులుకుని కూడా 5.5–2.5తో గెలిచింది. 2008లో గ్రాండ్‌మాస్టర్ జింజిఖాష్విలీకి బంటు, మొదటి ఎత్తు ఇచ్చి ఆడితే 4–4 వచ్చింది. అదే ఏడాది గ్రాండ్‌మాస్టర్ వదిమ్ మిలోవ్ రకరకాల రాయితీలతో 4.5–3.5తో రిబ్కాను ఓడించాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆనాటి ఇంజన్‌కూ మంచి గ్రాండ్‌మాస్టర్‌కూ మధ్య తేడా సుమారు ఒక బంటు.

ఎఫ్7_బంటు

మాస్టారూ, ఏ బంటు అన్నది కూడా చెప్పాలి. అన్ని బంట్ల విలువా ఒక్కటి కాదు. బంటు, మొదటి ఎత్తు అన్నప్పుడు తీసేది నల్లవారి ఎఫ్7 బంటును. ఆట మొదట్లో రాజు తప్ప ఆ గడికి ఇంకే కాపలా లేదు. అక్కడి బంటు పోతే హెచ్5 నుంచి ఇ8 దాకా వాలుగా ఉన్న దారి తెరుచుకుంటుంది.

బోర్డు పెట్టుకుని చూడండి. ఎఫ్7 బంటు తీసేసి, తెల్లవారు ఇ4 ఆడగానే నల్లవారు అలవాటుగా ఇ5 ఆడారనుకుందాం. తెల్ల మంత్రి హెచ్5కు వచ్చి చెక్ చెబుతుంది. జి6తో అడ్డుపెడితే, మంత్రి ఇ5 బంటును తీసుకుని మళ్లీ చెక్ చెబుతుంది. జి7 గడి అప్పటికే ఖాళీ అయింది కనుక మూలన హెచ్8లో ఉన్న ఏనుగు కూడా అదే మంత్రి గురిలో ఉంటుంది. మూడు ఎత్తుల్లో ఆట అయిపోయినట్టే. కాబట్టి ఈ రాయితీ ఇచ్చినవాడు ఒక్క బంటునే కాదు, తనకు వచ్చిన ఓపెనింగ్‌లలో సగం వదులుకున్నట్టు. ఎ బంటునో హెచ్ బంటునో ఇవ్వడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

దీనికి బదులుగా నల్లవారికి దక్కేది ఒక్కటే. కోట కట్టుకున్నాక ఎఫ్ వరుస తెరిచి ఉంటుంది కనుక ఏనుగుకు పని దొరుకుతుంది. ఇంజన్లు ఆ వరుసను బాగా వాడుకుంటాయి.

సిరిపురం_చెస్

అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురా 2016లో కొమోడో ఇంజన్ చేతిలో బంటు రాయితీతోనే ఓడిపోయాడు కదా? అంటే బంటు చాలదని అప్పుడే తేలిపోయింది.

ఎఫ్7_బంటు

అలా తేలలేదండీ. చాలామంది ఆ మ్యాచ్ తుది స్కోరు మాత్రమే గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. 2016 జనవరిలో జరిగిన ఆ మ్యాచ్‌లో నాలుగు ఆటలు, నాలుగు రకాల రాయితీలు. మొదటి రెండింటిలో బంటు తేడా. మూడోదానిలో ఎక్స్ఛేంజ్ తేడా, అంటే ఇంజన్‌కు ఒక ఏనుగు లేదు, నకమురాకు ఒక గుర్రం లేదు. ఈ మూడూ డ్రా. నాలుగో ఆటలో పావులేవీ తీయకుండా, నకమురాకు నాలుగు ఎత్తులు ముందుగా వేసుకునే అవకాశం ఇచ్చారు. ఆ ఒక్కటే ఆయన ఓడిపోయాడు. 2.5–1.5 అలా వచ్చింది.

నాకు ఈ నాలుగో ఆటే అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. పదో ఎత్తు దగ్గరైనా యాభయ్యో ఎత్తు దగ్గరైనా బంటు బంటే; దాన్ని ఎవరూ తీసుకోకపోతే చివరిదాకా మన వెంటే ఉంటుంది. ముందుగా వేసుకున్న ఎత్తులు అలాంటివి కావు. వాటిని వెంటనే దాడిగానో, ఇంకేదైనా లాభంగానో మార్చుకోవాలి. ఆలస్యమైతే ఎదుటివాడు నెమ్మదిగా తన పావులన్నీ బయటికి తెచ్చుకుంటాడు, ఆ ఆధిక్యం పెనం మీద వెన్నలా కరిగిపోతుంది. అలా వెంటనే మార్చుకోవాలంటే లెక్కవేసే పదును కావాలి. ఆ పదునులో యంత్రాన్ని మించడం ఎవరికి సాధ్యం? నన్నడిగితే గ్రాండ్‌మాస్టర్‌కు నాలుగు ఎత్తులకంటే ఒక్క బంటు మేలు.

సిరిపురం_చెస్

సరిదిద్దినందుకు ధన్యవాదాలు. 2014లో అదే నకమురా స్టాక్‌ఫిష్ ఇంజన్‌తో ఆడినప్పుడు రెండు ఆటల్లో బంటు రాయితీ, మిగతా రెండింటిలో పాత రిబ్కా సాయం తీసుకునే వీలు ఇచ్చారు. అక్కడ మాత్రం 1–3తో ఓడాడు. సాయానికి ఇచ్చిన ఇంజన్ ఎదుటి ఇంజన్ కంటే పాతదైతే, పక్కన ఉన్నది సలహాదారో అడ్డంకో చెప్పడం కష్టం.

లెక్కల_సూరి

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. సరదాకు ఇంజన్ల కోడ్ చదువుతుంటాను. మొదట అడిగినవారికి ఎదురైన సమస్యకు కారణం గుర్రం విలువలో కంటే, ఎదుటివాడి గురించి ఇంజన్ ఏమనుకుంటుందన్న దానిలో ఉంది.

మామూలు ఇంజన్ ఎదుటి ఆటగాడు కూడా తనంత బాగా ఆడతాడని అనుకుని లెక్క వేస్తుంది. గుర్రం తక్కువగా ఉన్న స్థితిలో దానికి ఏ ఎత్తు చూసినా ఓటమే కనిపిస్తుంది. మంత్రులు మార్చుకుంటే మూడు బంట్ల నష్టం, మార్చుకోకపోతే మూడుంపావు బంట్ల నష్టం అని లెక్క తేలిందనుకుందాం. అది ఏమాత్రం సంకోచించకుండా మంత్రులు మార్చేసుకుంటుంది. కాగితం మీద అది సరైన ఎత్తే. కానీ ఎదురుగా కూర్చున్నది మనిషి. బోర్డు మీద పావులు తగ్గే కొద్దీ అతని పని తేలికవుతుంది. అంటే పాత ఇంజన్లు నిజాయతీగా ఆడి ఓడిపోయేవి.

దీన్ని సరిచేయడానికి కంటెంప్ట్ అనే అమరిక పెట్టారు. తెలుగులో చిన్నచూపు అనవచ్చు. ఎదుటివాడు తనకంటే ఇంత తక్కువ ఆటగాడని ముందే చెప్పిపెడితే, ఇంజన్ పావుల మార్పిడిని తప్పించుకుంటూ చిక్కుముడులను దాచుకుంటుంది. లీలాలో ఇది ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. ఒక్క స్కోరుతో సరిపెట్టకుండా, గెలుపు, డ్రా, ఓటమి ఒక్కొక్కదానికి ఎంత అవకాశముందో విడివిడిగా అంచనా వేస్తుంది. ఇద్దరి మధ్య ఉందనుకున్న రేటింగ్ తేడానుబట్టి ఆ అంచనాలను జరుపుతుంది. పైగా రాయితీ ఆటల కోసం, పావు తక్కువ ఉన్న స్థితుల నుంచే ఆడించి నేర్పించిన ప్రత్యేక నెట్‌వర్క్‌లు తయారుచేశారు. మీ ఎదురుగా ఉన్నది గుర్రం పోగొట్టుకున్న ఇంజన్ కాదు. గుర్రం లేకుండానే పుట్టి పెరిగిన ఇంజన్.

పాత_గడియారం

సూరి గారి మాటకు 2020 నాటి మ్యాచ్ మంచి సాక్ష్యం. ఆస్ట్రేలియా గ్రాండ్‌మాస్టర్ డేవిడ్ స్మెర్డన్ గుర్రం రాయితీతో కొమోడోతో ఆరు ఆటలు ఆడి 5–1తో గెలిచాడు. వృత్తిరీత్యా ఆర్థికశాస్త్రవేత్త, ఓడిపోయే స్థితిలో జిత్తులతో బయటపడడం మీద పుస్తకం రాసినవాడు. తన మీద ఏ జిత్తులు ప్రయోగిస్తారో ముందే తెలిసిన మనిషి అన్నమాట. ఆ రోజున గుర్రం అంటే గ్రాండ్‌మాస్టర్‌కు మిక్కిలి ఎక్కువ రాయితీ అని అందరం నిశ్చింతగా ఉన్నాం. లీలా బాట్లు వచ్చాక బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల ఆటల్లో, గ్రాండ్‌మాస్టర్లు కూడా గుర్రం ఎక్కువ పెట్టుకుని ఆటలు వదులుకోవడం చూస్తున్నాం.

ఎడిసన్_ఏనుగు

ఇక్కడ న్యూజెర్సీలో పిల్లలకు చెస్ నేర్పుతుంటాను, సొంతూరు గుడివాడ దగ్గర. రేటింగ్ 2050. రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది గడియారం. ఇదే గుర్రం బాట్‌తో మూడు నిమిషాల ఆటల్లో పదింటికి రెండు గెలిచేవాణ్ని. పది నిమిషాలు, ఎత్తుకు అదనంగా అయిదు సెకన్లు పెట్టుకుంటే పదింటికి ఆరు గెలుస్తున్నాను. పావుల్లో మార్పేమీ లేదు. కాబట్టి ఎంత రాయితీకి ఆట సమానమవుతుందన్న ప్రశ్నకు గడియారం చెప్పకుండా జవాబు లేదు. స్మెర్డన్ మ్యాచ్‌ను నేటి బ్లిట్జ్ ఆటలతో పోల్చేటప్పుడు కూడా, మారింది ఇంజన్ ఒక్కటే కాదని గుర్తుంచుకోవాలి. పాత మాస్టారు చెప్పిన 2006 మ్యాచ్‌లోనే, పూర్తి సమయం ఉన్న రెండో ఆటలో, క్రామ్నిక్ అంతటివాడు హెచ్7లో ఒక్క ఎత్తులో ఆటకట్టు ఉందని చూడకుండా మంత్రిని పక్కకు జరిపాడు. మూడు నిమిషాల ఆటలో మన గతి చెప్పాలా?

రెండోది బంట్ల సంగతి, దీనికి నేను మూల్యం చెల్లించాను. మొదట్లో పావు ఎక్కువుంది కదా అని కనబడినదల్లా మార్చుకుంటూ పోయాను. ఒక ఆటలో ఏనుగులు పోయాయి, మంత్రులు పోయాయి, నాకు గుర్రం, రెండు బంట్లు. దానికి రెండు బంట్లు. గెలిచేశానని అనుకున్నాను. అది తన బంట్లతో నా బంట్లను ఒక్కొక్కటిగా మార్చుకుంది. చివరికి బోర్డు మీద మిగిలింది రెండు రాజులు, నా గుర్రం. ఒంటరి గుర్రంతో ఆటకట్టు చేయలేమని నేను ఎనిమిదేళ్ల పిల్లలకు మొదటి నెలలోనే నేర్పుతాను! అప్పటినుంచి పావులు మార్చుకుంటాను కానీ బంట్లు మార్చుకోను.

లెక్కల_సూరి

ఒక హెచ్చరిక. స్టాక్‌ఫిష్ రేటింగ్ 3600 పైన, మన వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2801, కాబట్టి తేడా ఎనిమిది వందలు, దానికి ఇన్ని బంట్లు అని చాలామంది లెక్కలు వేస్తుంటారు. ఇంజన్ల రేటింగ్‌లు ఇంజన్లు ఒకదానితో ఒకటి ఆడిన ఆటల నుంచి వచ్చినవి. ఫిడే రేటింగ్‌లు మనుషుల ఆటల నుంచి వచ్చినవి. రెండూ వేర్వేరు కొలతలు. ఆ తీసివేతకు అర్థం లేదు. నిజానికి ఆ రెండు లోకాలనూ కలిపి కొలవడానికి మనకు మిగిలిన మార్గం ఈ రాయితీ ఆటలే.

ఖాళీ_బి1

రెండు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. ఎడిసన్ గారు చెప్పిన గడియారం పెట్టుకుని పది ఆటలు ఆడాను. నాలుగు గెలిచాను, రెండు డ్రా, నాలుగు ఓటమి. గెలిచిన నాలుగింటిలోనూ ఇరవై అయిదో ఎత్తులోపే మంత్రులు మార్చుకోగలిగాను. మార్పిడికి నేను మంత్రిని ఎదురుపెట్టిన ప్రతిసారీ అది తన మంత్రిని పక్కకు తప్పించుకోవడం చూశాక సూరి గారు చెప్పిన చిన్నచూపు అర్థమైంది. ఒక ఆటలో వరుసగా మూడుసార్లు తప్పించుకుంది, మూడోసారి అందుకోసం ఒక బంటును కూడా వదులుకుంది. ఓడిన నాలుగింటిలో మూడు, నేను కోట కట్టుకోవడం ఆలస్యం చేసినవే. మొదటి పది ఎత్తుల్లో బంట్లు తినకుండా రాజును భద్రం చేసుకుంటే మిగతాది పరవాలేదు.

మూడు నిమిషాల ఆటల్లో మాత్రం లెక్క మారలేదు. నిన్న రాత్రి ఆడిన అయిదూ ఓడిపోయాను.