జూలో తీసిన షాటుకు తెర మీద ‘జూ’ అన్న మాట వెయ్యాలా, వద్దా?

కొల్లేటికొంగ:
బ్రిటిష్ టీవీలో డాక్యుమెంటరీలు వారమంతా వస్తూనే ఉంటాయి. ఒక్క బీబీసీ వన్‌నే తీసుకోండి. పరిశోధనా కార్యక్రమం పనోరమాలో ముఖం దాచుకున్న సాక్షికి నటుడి గొంతు పెడితే ఆ సంగతి కింద అక్షరాల్లో వేస్తారు. అదే ఛానల్‌లో ఆదివారం రాత్రి వచ్చే జంతువుల సిరీస్‌లో జూ షాటునూ నీటి ట్యాంకు షాటునూ అడవి షాటు పక్కన అతికిస్తారు, అక్షరం ముక్క పడదు. ఎందుకు?

ధ్రువాల మీద బీబీసీ తీసిన సిరీస్ ఫ్రోజెన్ ప్లానెట్ ఐదో భాగం, 2011 నవంబరు. ధ్రువపు ఎలుగు మంచు బొరియలో ఈనుతుంది, కళ్లు తెరవని పిల్లలు తల్లి బొచ్చులో పారాడుతుంటాయి. ఆ లోపలి షాట్లు నెదర్లాండ్స్‌లోని ఒక జూలో, ముందే కెమెరాలు అమర్చిన గూటిలో తీసినవి. డిసెంబరులో పత్రికలు రాసేదాకా ఎక్కువమందికి తెలియలేదు. ఓ మూలన మూడు సెకన్లు ‘జూలో చిత్రీకరణ’ అని వేస్తే పోయేదేమిటి?

ధ్వనిశాల:
కొంగ గారూ, పుట్టినప్పుడు ఆ పిల్ల బరువు సుమారు 600 గ్రాములు. తల్లి వాటితో మార్చి, ఏప్రిల్ దాకా మంచు కిందే ఉంటుంది. అడవిలోని బొరియలో కెమెరా దూరిస్తే తల్లి పిల్లల్ని వదిలేస్తుంది, లేదా చంపుతుంది, లేదా మనిషి మీద పడుతుంది. కాబట్టి జూ తప్ప దారి లేదు. ఎలా తీశారో బీబీసీ వెబ్‌సైట్‌లో వీడియో కూడా పెట్టింది. పైగా వ్యాఖ్యానం బహువచనంలో ఉంది: గాలి మరుగు వాలుల్లో, మంచు కింద కొత్త ప్రాణాలు మొదలవుతున్నాయన్న అర్థంలో. ఇందులో అబద్ధం ఏ మాటో చూపించండి.

జూ షాటుకు తెర మీద అక్షరాల చీటీ వెయ్యమంటారు, మరి శబ్దానికో? కెమెరా 300 మీటర్ల దూరంలో ఉంటుంది. పొడుగు లెన్స్ బొమ్మను దగ్గరికి లాగుతుంది, మైకుకు అలాంటి సాధనం లేదు. గిన్నె ఆకారపు పారబోలిక్ మైకు పిట్ట కూతను పడుతుంది కానీ అడుగు చప్పుడును పట్టదు. 100 హెర్ట్జ్ అల పొడవు మూడు మీటర్లకు పైనే, 60 సెంటీమీటర్ల గిన్నెకు అది అందదు. ఎలాగో పట్టినా 300 మీటర్లు దాటి రావడానికి దాదాపు సెకను. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన పాదం నేల తాకిన ఇరవై రెండు ఫ్రేముల తర్వాత గానీ చప్పుడు రాదు. స్లో మోషన్‌లో అదీ లేదు. 1000 ఫ్రేములతో తీసి 25తో ఆడిస్తే 40 రెట్లు నెమ్మది. 400 హెర్ట్జ్ శబ్దం 10కి దిగుతుంది, మన చెవికి 20 కింద వినపడదు. అందుకే ఫోలీ వాళ్లు స్టూడియోలో బొమ్మ చూస్తూ చప్పుడు చేస్తారు. ఎలుగు అడుగంటే మేజోడులో పోసిన కస్టర్డ్ పౌడరే. ప్రతి అడుగుకూ చీటీ వేస్తారా?

సీతమ్మధార:
కస్టర్డ్ పౌడరా? ఎలా చేస్తారండీ?

ధ్వనిశాల:
పొడుగు మేజోడులో పిండి బిర్రుగా కూరి ముడి వెయ్యాలి. మైకుకు దగ్గరగా పట్టుకుని అరచేత్తో అదిమితే గడ్డకట్టిన మంచు మీద అడుగేసినట్టు కిర్రుమంటుంది. పిండి రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, చలి బాగా ముదిరినప్పుడు మంచు పలుకులూ అంతే. ఒక్క గుద్దుతో నొక్కకూడదు. ముందు మడమ బరువు, తర్వాత వేళ్ల బరువు అన్నట్టు రెండు విడతల్లో అదమాలి. చెమ్మ తగిలితే పిండి ముద్దకట్టి చప్పుడు మూగబోతుంది, ఆ పొట్లం పారేసి కొత్తది కట్టాలి.

ఓరుగల్లు కోట:
చప్పుడు చేసేది కస్టర్డ్ కాదు, అందులోని కార్న్‌ఫ్లోర్. రంగూ వాసనా తీసేస్తే కస్టర్డ్ పౌడర్ అంటే మొక్కజొన్న పిండే.

ధ్వనిశాల:
సరే, కార్న్‌ఫ్లోరే. విషయం మారదు.

ఓరుగల్లు కోట:
మారుతుంది. ఏది దేనితో చేశారో సరిగా చెప్పడం గురించే కదా ఈ గొడవంతా.

కొల్లేటికొంగ:
శబ్దంలోకి లాక్కెళ్లి నా ప్రశ్నను పక్కన పెట్టారు. అడుగు చప్పుడు ఉన్న అడుగుకే వేశారు, ఎలుగు నిజంగానే అక్కడ నడిచింది. ఈ తల్లి ఆ వాలు కింద ఈనలేదు. మాటలో అబద్ధం లేదన్నారు, ఒప్పుకుంటాను. అబద్ధం ఎడిటింగ్ కోతలో ఉంది. బయట నిజమైన ఆర్కిటిక్ మంచు, కట్, లోపల జూ గూడు, కట్, మళ్లీ బయట మంచు. బహువచనం వినేవాడు ఎవడు? కన్ను ఏకవచనంలోనే చూస్తుంది.

అదే ఏడాది ఏం జరిగిందో చూడండి. 2008లో ప్రైమార్క్ అనే బట్టల దుకాణాల కంపెనీ మీద వచ్చిన పనోరమాలో బెంగళూరు కుర్రాళ్లు బట్టలు పరీక్షిస్తున్నట్టు నిమిషం కూడా లేని షాట్లు ఉన్నాయి. అవి అసలైనవి కాకపోవడానికే ఎక్కువ అవకాశం ఉందని 2011 జూన్‌లో అప్పటి బీబీసీ పాలకమండలి బీబీసీ ట్రస్ట్ తేల్చి, ప్రసారంలోనే క్షమాపణ చెప్పమంది. ఆరు నెలల తర్వాత ఎలుగుకు మాత్రం ‘మేం చేసింది సరైనదే’ అన్నారు.

ధ్వనిశాల:
పోలికే తప్పు. అక్కడ ఒక కంపెనీ మీద నేరం మోపారు, ఆ షాట్లే సాక్ష్యం. ఇక్కడ నేరమూ లేదు, సాక్ష్యమూ లేదు. ఎలుగు మంచు కింద ఈనుతుందన్నది నిజం, చూసినవాడు తప్పు నేర్చుకోలేదు. బ్రిటన్ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళి 2.2 చెప్పేది కూడా అదే: వాస్తవ కార్యక్రమం ప్రేక్షకుణ్ణి ముఖ్యమైన విషయంలో తప్పుదోవ పట్టించకూడదు. ‘ముఖ్యమైన’ అన్న మాట మీరు వదిలేస్తున్నారు.

2016లో బీబీసీ సిరీస్ ప్లానెట్ ఎర్త్ టూలో వచ్చిన ఇగ్వానా (పెద్ద బల్లి) పిల్ల సంగతేమిటి? గలాపగోస్‌లోని ఫెర్నాండినా దీవిలో పాముల మధ్య నుంచి పరుగెత్తే దృశ్యం ఒక్క పిల్లది కాదు, అక్కడక్కడా వేరే పిల్లల షాట్లు కలిపామని నిర్మాతే చెప్పారు. కంటి క్లోజప్ పడినప్పుడల్లా ‘ఇది ఆ పిల్ల కాదు’ అని వెయ్యమంటారా?

క్రాయిడన్ నుంచి:
2018లో బీబీసీ సిరీస్ డైనస్టీస్‌లో పెంగ్విన్ల భాగం చూశారా? మంచు లోయలో పిల్లలతో చిక్కుకుపోయిన పెంగ్విన్లకు సిబ్బందే పారతో మెట్లలాంటి వాలు తవ్వారు. ఆ సంగతి కార్యక్రమంలోనే చూపించారు. దాంతో సిరీస్ విలువేం తగ్గలేదు.

కొల్లేటికొంగ:
అదీ మాట. చెప్పనిదాని గతి కూడా చూడండి. 2011 బీబీసీ సిరీస్ హ్యూమన్ ప్లానెట్‌లో ఇండోనేషియా పాపువాలోని కొరొవాయ్ జనం చెట్టు మీద ఎత్తున కట్టిన ఇంట్లో కాపురానికి చేరుతున్నట్టు చూపారు. ఆ ఇల్లు కెమెరా కోసం కట్టించిందని 2018లో బీబీసీ టూలోనే ఇంకో కార్యక్రమం బయటపెట్టింది. ఏడేళ్లు జనం దాన్ని నమ్మారు. ‘తప్పు నేర్చుకోలేదు’ అంటారా దీనికీ?

ధ్వనిశాల:
దాన్ని నేనెప్పుడు సమర్థించాను? ఆ జనం అలాంటి ఇళ్లలో బతుకుతారని తప్పుడు సంగతి చెప్పారు కాబట్టే అది తప్పు. జూనూ దాన్నీ ఒకే గాట కట్టకండి. రెండు రోజులుగా ఇదే చేస్తున్నారు, నా మొదటి పోస్టులో బొరియ గురించి రాసిన నాలుగు వాక్యాలకు ఇంకా జవాబు లేదు.

ఓరుగల్లు కోట:
మీరిద్దరూ తెర మీది అక్షరాల గురించి కొట్టుకుంటున్నారు. అవి తెలుగుదాకా రానే రావు. బయటి దేశాలకు అమ్మే కాపీని అక్షరాలు లేకుండా ఇస్తారు, ఎవరి భాషలో వాళ్లు వేసుకోవడానికి. సంగీతం, చప్పుళ్లు ఒక ట్రాకుగా ఉంటాయి, దాని మీద తెలుగు వ్యాఖ్యానం ఎక్కుతుంది. మూలన వేసిన చీటీని ఎవరైనా పూనుకుని మళ్లీ వేస్తేనే ఉంటుంది. ఇంకోటి: బీబీసీలో గంట స్లాటు చివర ‘ఎలా తీశామంటే’ అని పది నిమిషాలు ఉంటాయి కదా, ప్రకటనలున్న ఛానళ్లు 50 నిమిషాల కాపీ తీసుకుంటాయి. ఆ పది నిమిషాల చోటే ప్రకటనలది.

అంటే కస్టర్డ్ పౌడర్ మనదాకా వస్తుంది, నిజం చెప్పే భాగం రాదు.

సీతమ్మధార:
అయితే వెబ్‌సైట్‌లో పెట్టాం కదా అన్న జవాబు బ్రిటన్ ప్రేక్షకుడికే సరిపోతుంది.

కొల్లేటికొంగ:
అయితే అక్షరాలు వద్దు, నోటితోనే చెప్పాలి. వ్యాఖ్యానంలో ఉన్నది తర్జుమా అవుతుంది. లోపలికి కట్ చేసేముందు, బయటి మంచువాలు మీద ఉండగానే ‘జూలోని ఒక తల్లి మనకు చూపిస్తుంది’ అంటే చాలు.

ధ్వనిశాల:
వాలు షాటు నాలుగు సెకన్లుంటే అందులో ఆరేడు మాటలకు మించి ఇమడవు. షాటు పొడిగించాలి, సంగీతం మళ్లీ కూర్చాలి. చెయ్యలేనిదేం కాదు. నా భయం అది కాదు, ఇన్ని పోస్టుల తర్వాత అదే చెప్పాల్సి వస్తోంది. జూ అని వినగానే ‘ఓహో, అసలుది కాదా’ అంటారు. ఆ షాటుకు తక్కువరకం అన్న ముద్ర పడుతుంది. తర్వాతి సిరీస్‌కు ‘మాది అచ్చంగా అడవిలోనే’ అని చెప్పుకోవడం కోసం ఎవడో నిజమైన బొరియలోకి కెమెరా దూరుస్తాడు. ఆ 600 గ్రాముల పిల్ల సంగతి అప్పుడెవరు చూస్తారు?

కొల్లేటికొంగ:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. నా భయమూ చెబుతాను. అదే సిరీస్ చివరి భాగం ధ్రువాల మంచు కరగడం మీద. అది డిసెంబరు మొదట్లో వచ్చింది. ఆ నెల పత్రికల్లో నలిగింది మంచు కాదు, జూ. ఎలుగు విషయంలో చెప్పలేదని తెలిసినవాడు మంచు విషయంలో ఎందుకు నమ్మాలి?

ధ్వనిశాల:
మంచుకు ఉపగ్రహాల కొలతలున్నాయి, ఎలుగు మీద నమ్మకం అక్కర్లేదు. అయినా నోటితో చెప్పడానికి ఒక షరతు మీద సరే: ‘ఎందుకు జూ’ అన్నది కూడా అదే వాక్యంలో ఉండాలి. ‘తల్లిని కదిలించకూడదు కాబట్టి’ అన్న మాట లేకుండా జూ పేరెత్తితే ఒప్పుకోను.

కొల్లేటికొంగ:
ఆరేడు మాటల్లో అదెలా పడుతుంది?

ధ్వనిశాల:
పట్టదు. షాటు ఎనిమిది సెకన్లు చెయ్యాలి.