పర్యావరణం, సినిమా కలిపి చెప్పే పీజీ కోర్సు: సైన్సు చదివినవాళ్లకి పనికొస్తుందా?

చిత్తడినేల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. నా ప్రాజెక్టు నీటి నాణ్యత మీద: డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్), బీఓడీ (నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి వాడుకునే ఆక్సిజన్), నైట్రేట్లు. ల్యాబ్ పని నాకు చాలా ఇష్టం. కానీ ఎంత జాగ్రత్తగా లెక్కలు కట్టినా, ఆ టేబుల్స్ మా డిపార్ట్‌మెంట్ గడప దాటవన్న బాధ ఉంది. అందుకే పీజీకి పర్యావరణం, సినిమా రెండూ ఉండే కోర్సులు వెతుకుతున్నాను. కొన్ని సిలబస్‌ల నిండా కెమెరా, ఎడిటింగ్. కొన్నిట్లో మొత్తం థియరీయే, కెమెరా ఊసే లేదు. నాలాంటివాళ్లు ఏది తీసుకోవాలి? ఇంట్లోవాళ్లు "సైన్సు చదివి సినిమాలేంటి" అని టెన్షన్ పడుతున్నారు. వాళ్లకి చెప్పడానికైనా నాకు స్పష్టత కావాలి.

కొలబద్ద

కెమెరా నేర్చుకోవడానికి యూనివర్సిటీ అక్కర్లేదండీ. సైన్సులోనే పీజీ చేయండి, వీడియోలు పక్కన చేసుకోవచ్చు. సబ్జెక్టు గట్టిగా తెలిసినవాళ్లు తీసిన సినిమాకే విలువ.

లాంగ్‌షాట్

సబ్జెక్టు గట్టిగా ఉండాలన్నది నిజం. కెమెరా బయట నేర్చుకోవచ్చన్నదీ నిజమే. కానీ మంచి కోర్సు నేర్పేది కెమెరా ఒక్కటే కాదు. నేను జువాలజీ చదివి ఇటు వచ్చాను, ఇప్పుడు ఈ సబ్జెక్టే పాఠం చెబుతున్నాను. క్లాసులో ఏం జరుగుతుందో చెబితే మీకే తెలుస్తుంది.

మొదట్లోనే ఒక సీను చూపిస్తాను. 1958లో డిస్నీ తీసిన 'వైట్ వైల్డర్‌నెస్'లో లెమ్మింగులనే చిన్న జంతువులు గుంపుగా వచ్చి కొండ అంచు మీంచి, సముద్రమని చెప్పిన నీళ్లలో పడిపోతుంటాయి. ఆ సినిమాకి డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ వచ్చింది. లెమ్మింగులు మూకుమ్మడిగా చచ్చిపోతాయన్న అపోహ ప్రపంచమంతా పాకడంలో దీనిది పెద్ద పాత్ర. 1982లో కెనడా సీబీసీ టీవీ కార్యక్రమమొకటి అసలు సంగతి బయటపెట్టింది. ఆ సీను తీసింది ఆల్బర్టాలో. ఆ రాష్ట్రానికి సముద్రమే లేదు. లెమ్మింగుల్ని బయటి నుంచి తెచ్చి, కొన్నిట్నే రకరకాల కోణాల్లో తీసి గుంపులా చూపించి, అంచు మీంచి కిందకి తోశారు.

ఈ కథ ముందే చెప్పేస్తే "అయ్యో, మోసం" అనుకుని ఊరుకుంటారు. అందుకే చెప్పను. మొదట సౌండ్ తీసేసి చూపిస్తాను. తర్వాత ప్రతి కట్ దగ్గరా ఆపి అడుగుతాను: ఈ ఫ్రేములో ఎన్ని జంతువులున్నాయి? కెమెరా ఇంత దగ్గర ఎందుకుంది? ఫ్రేము బయట ఎవరున్నారు? అది సముద్రమని మీకు చెప్పింది బొమ్మా, కామెంటరీయా? ఆ గంటలో పిల్లల చూపు మారిపోతుంది. ఆ తర్వాత నిజాయతీగా తీసిన వన్యప్రాణుల సినిమాల్ని కూడా అలాగే చూస్తారు. వాటిలోనూ దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన షాట్లకి అడుగుల చప్పుడు, నమిలే చప్పుడు చాలాసార్లు స్టూడియోలో చేరుస్తారు. అదీ మోసమేనా? గీత ఎక్కడ గీయాలి? దీని మీద సెమిస్టరంతా వాదించుకుంటాం. సైన్సు వాళ్లు ఈ వాదనలో బాగా రాణిస్తారు. కంట్రోల్ శాంపిల్ (పోల్చి చూడటానికి మార్పేమీ చేయకుండా ఉంచే నమూనా) ఏదని అడగడం వాళ్లకి అలవాటు కదా.

రెండో సంగతి కాలం. పర్యావరణ సాహిత్యం మీద రాసే ప్రొఫెసర్ రాబ్ నిక్సన్ 2011లో 'స్లో వయొలెన్స్' గురించి రాశాడు: ఏళ్ల తరబడి, వార్తకెక్కకుండా జరిగే నష్టం. మీ నైట్రేట్లు సరిగ్గా అదే కోవ. కెమెరాకి నైట్రేటు కనబడదు. అది ఎరువులా పనిచేసి చెరువంతా నాచు పరుచుకున్నాక కనబడుతుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. కనబడనిదాన్ని అబద్ధమాడకుండా ఎలా చూపించాలి? ఈ కోర్సుకి ప్రాణం ఈ ప్రశ్నే. 'చేజింగ్ ఐస్' (2012) కోసం హిమానీనదాల ఎదుట టైమ్‌లాప్స్ కెమెరాలు (కొంతసేపటికో ఫొటో తీసేవి) ఏళ్ల తరబడి పెట్టి ఉంచారు. లెక్క మీరే వేసి చూడండి. గంటకో ఫొటో తీసి, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడిపితే రోజంతా ఒక సెకను, ఏడాది మొత్తం ఆరు నిమిషాలు. గంటకా, రోజుకా అన్న నిర్ణయంలోనే సైన్సూ ఉంది, కథా ఉంది.

కాబట్టి థియరీ అని భయపడకండి, కెమెరా ఉందని మురిసిపోకండి. సిలబస్‌లో నేనైతే ముందు చూసేది ఫీల్డ్ వర్క్‌కి విడిగా క్రెడిట్లు ఉన్నాయా అని. తర్వాత, ఒక సీనుని షాట్ షాట్‌గా విశ్లేషించే అసైన్‌మెంట్ ఉందా, ఒక్క పేపరైనా సైన్సు విభాగం వాళ్లు చెబుతున్నారా అని. "మూడో వారం నీరు, నాలుగో వారం ప్లాస్టిక్" అంటూ అంశాల వారీగా సినిమా పేర్లు పేర్చి వదిలేస్తే, ఆ సినిమాలు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

జనరేటర్ వ్యాన్

నేను ప్రొడక్షన్ వైపు మనిషిని. ఒక్కటి కలుపుతాను: షూటింగ్ వల్ల జరిగే నష్టం గురించి కోర్సులో పాఠముందో లేదో చూడండి. యూనిట్ ప్రయాణాలు, డీజిల్ జనరేటర్లు, వాటిదే పెద్ద వాటా. బ్రిటన్‌లో దీన్ని లెక్కగట్టడానికి ఆల్బర్ట్ అనే సంస్థ కార్బన్ కాలిక్యులేటరే ఉంది. వెనకటి ఫిల్మ్ రీలూ అంతే: వెండి లవణాలు, పశువుల ఎముకలూ తోళ్ల నుంచి తీసిన జెలటిన్. పర్యావరణం మీద సినిమా తీసేవాళ్లకి ఇది తెలియకపోతే ఎలా?

చిత్తడినేల

చాలా థాంక్సండీ, ముఖ్యంగా లాంగ్‌షాట్ గారికి. ఇలాంటివి ఎక్కడున్నాయి? పోర్ట్‌ఫోలియో అడిగితే నా దగ్గర ఏమీ లేదు.

లాంగ్‌షాట్

తీయడం ప్రధానమైతే ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ చూడండి. బీబీసీ నేచురల్ హిస్టరీ యూనిట్ 1957 నుంచి ఆ ఊళ్లోనే ఉంది, అక్కడి యూడబ్ల్యూఈలో (యూనివర్సిటీ ఆఫ్ ద వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్) వైల్డ్‌లైఫ్ ఫిల్మ్ మేకింగ్ ఎంఏ ఉంది. అమెరికాలో మోంటానా స్టేట్ యూనివర్సిటీ ఎంఎఫ్ఏ (సైన్సు, ప్రకృతి సినిమాల పీజీ) సైన్సు నేపథ్యం ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టిందే. ఆలోచన, పరిశోధన వైపైతే మ్యూనిక్‌లో 2009లో పెట్టిన రేచెల్ కార్సన్ సెంటర్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ. ఈ ఏడాది అడ్మిషన్లు, ఫీజులు వాళ్ల పేజీలోనే సరిచూసుకోండి.

పోర్ట్‌ఫోలియో మీ ల్యాబ్‌లోనే ఉంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి చేస్తుంటారుగా? కాలవ ఎగువ నుంచి ఒక సీసా, దిగువ నుంచి ఒక సీసా నీళ్లు పట్టుకోండి. పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ వేయండి. ఆక్సిజనుంటే గోధుమరంగు తరకలు కడతాయి, బొత్తిగా లేకపోతే తెల్లగా ఉండిపోతాయి. మామూలుగా కంటికి కనబడని ఆక్సిజన్ అక్కడ రంగుగా కనబడుతుంది. లైటు, ఎక్స్‌పోజర్ మార్చకండి, మధ్యలో కట్ చేయకండి, మ్యూజిక్ వేయకండి. ఫోన్ చాలు, స్టాండ్ మీద పెట్టండి. దాంతో పాటు ఎందుకు కట్ చేయలేదో అప్లికేషన్‌లో ఒక పేజీ రాయండి. ఎంపిక చేసేవాళ్లు ఆ పేజీ తప్పకుండా చదువుతారు.