చింపాంజీల చూపును నమ్మవచ్చా? తెలిసినవారు చెప్పండి

ఎదుటివాడు పొరబడ్డాడని చింపాంజీకి నిజంగా అర్థమవుతుందా? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

2016లో జరిగిన ప్రయోగం గురించి చదివాను. కోతి వేషంలో ఉన్న మనిషి రెండు గడ్డివాముల్లో ఒకదానిలో దాక్కుంటాడు. వెతికేవాడు తలుపు చాటుకు వెళ్లగానే బయటకు వచ్చి పారిపోతాడు. వెతికేవాడు తిరిగి వచ్చేసరికి, ఆ వీడియో చూస్తున్న చింపాంజీలు, బొనోబోలు, ఒరాంగుటాన్లలో చాలావరకు అతడు పొరపాటున వెతకబోయే గడ్డివాము వైపే ముందుగా చూశాయి. పండ్లరసం తాగుతుంటే వాటి కంటి కదలికలను పరికరంతో నమోదు చేశారు. ఎంత చక్కని ఆలోచన!

అయితే అంతకుముందు, 2008 నాటి ఒక అధ్యయనంలో ఎదుటివారికి ఏం తెలుసో చింపాంజీలు గ్రహించాయి గానీ, తప్పుగా ఏం నమ్ముతున్నారో గ్రహించినట్లు కనిపించలేదు. అక్కడ అవి స్వయంగా ఎంచుకోవాలి, ఇక్కడ చూస్తే చాలు. నాకు అసలు చిక్కు ఇదే. కళ్లకు తెలిసింది చేతికి ఎందుకు అందడం లేదు? లేక 'మనిషి చివరిసారి చూసిన చోటే వెతుకుతాడు' అన్న మామూలు అలవాటునే అవి పట్టుకున్నాయా? ఈ రెండింటినీ విడదీసే ప్రయోగం ఏదైనా ఉందా? జంతు ప్రవర్తన చదివినవారు కాస్త వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.