అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు జార్జ్ మైకన్ పాత ఆటల వీడియోలు ఎక్కడ దొరుకుతాయి?

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, బాగా పొడుగు, సోడాబుడ్డి కళ్లద్దాలు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం కానీ నడక మొద్దుగా ఉందని తోటిపిల్లలు ఏడిపిస్తుంటే ఆట మానేస్తానంటున్నాడు. అందుకే మైకన్ గురించి చెప్పాను. ఆరడుగుల పది అంగుళాల మనిషి, దళసరి కళ్లద్దాలతోనే ఆడాడు, కాలేజీలో కోచ్ రే మేయర్ తాడాట, డాన్సు నేర్పించి మరీ ఒంట్లో చురుకు తెప్పించాడు. మినియాపోలిస్ లేకర్స్ జట్టుకి 1949 నుంచి 1954 లోపు ఐదు టైటిళ్లు! అతన్ని ఆపలేకే 1951లో బుట్ట కింది గీతల మధ్య వెడల్పు ఆరడుగుల నుంచి పన్నెండుకి పెంచారు.

వాడు ఇప్పుడు ఆయన ఆట చూడాలంటున్నాడు. కొన్ని నిమిషాలైనా సాగే వీడియో ఎక్కడుందో చెప్పండి ప్లీజ్. ఇంకోటి, మైకన్ డ్రిల్‌లో (బుట్ట కిందే ఓసారి కుడిచేత్తో, ఓసారి ఎడమచేత్తో బంతి వేసే సాధన) వాడికి ఎడమచేతి వైపు బంతి పదేపదే తప్పుతోంది, ఎలా సరిచేయాలి?