నడుస్తున్న సర్వర్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలా, వద్దా?

టవర్‌క్లాక్ (అనంతపురం): మా రక్తపరీక్షల ల్యాబ్‌కు ఉన్నది ఒకే సర్వర్. ఐదేళ్లుగా రాత్రీ పగలూ నడుస్తోంది. ఆన్ చేయగానే సర్వర్‌ను లేపే బయోస్, ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపి నడిపే రైడ్ కంట్రోలర్, డిస్కులు, దేని ఫర్మ్‌వేరూ (ఆ భాగాన్ని నడిపించే లోపలి ప్రోగ్రామ్) కొన్నప్పటి నుంచి ముట్టలేదు. ఆదివారం చేద్దామంటే మా ఓనర్ "బాగున్నదాన్ని ఎందుకు కెలుకుతావ్" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

బురుజునీడ (కర్నూలు): చేయొద్దు తమ్ముడూ. విండోస్ ప్యాచ్ తేడా చేస్తే తీసేయొచ్చు. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. ఒక ఆస్పత్రిలో నాకు జరిగింది అదే. బెంగళూరు నుంచి బోర్డు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, అన్ని రోజులూ బిల్లులు చేత్తో రాశారు. ఇంకోటి. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపానికి ఇంటెల్ ఇచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) వల్ల హాస్వెల్, బ్రాడ్‌వెల్ ప్రాసెసర్లున్న మిషన్లు వాటంతట అవే రీస్టార్ట్ అయ్యాయి. అదే నెల 22న ఇంటెలే దాన్ని వేయడం ఆపమంది.

ఏడురోడ్లు (కడప): ముట్టకపోతే ఏమీ కాదన్నది నిజం కాదన్నా. 2019 నవంబర్‌లో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ ఏం చెప్పింది? కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీలు (సర్వర్లలో వాడే ఒక రకం డిస్కులు) 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నడవగానే చచ్చిపోతాయి, డేటా కూడా తిరిగి రాదు అని. మందు కొత్త ఫర్మ్‌వేర్ ఒక్కటే. అన్నీ ఒకే రోజు బిగించినవైతే అన్నీ ఒకేసారి పోతాయి, రైడ్ ఉండి ఏం లాభం? 2020 మార్చిలో 40,000 గంటలతో మరో రకం బయటపడింది.

బురుజునీడ: లెక్క చూడు. ఐదేళ్లంటే 43,800 గంటలు. ఆ రెండూ దాటేశాయి కాబట్టి ఆ జబ్బు ఈ డిస్కులకు లేదు. నేను మాట్లాడింది బయోస్ గురించి.

నల్లమల: యూపీఎస్ ఉంటే చాలు కదా?

బురుజునీడ: ఉంది కాబట్టే ధైర్యం చేశాను. మన ఎండలకు బ్యాటరీ ఎన్నాళ్లుంటుంది? లోడ్ పెట్టి ఎన్ని నిమిషాలు వస్తుందో ఎప్పుడైనా చూశావా?

ఏడురోడ్లు: మళ్లీ యూపీఎస్ దగ్గరే ఆగిపోయావు. హెచ్‌పీఈ సర్వర్లను దూరం నుంచి నడిపే ఐఎల్ఓ 4 సంగతి చూడు. 29 సార్లు 'ఏ' అక్షరం పంపితే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రానిచ్చేది. 2.53 వెర్షన్ వేసుకున్నవాళ్లకే ఆ బాధ తప్పింది. వేసుకోనివాళ్ల మాటేంటి?

బురుజునీడ: ఆ పోర్టును నెట్‌కు కలపకపోతే సగం బాధ పోతుంది. నువ్వు కాగితం మీద చదివింది చెబుతున్నావు. నా రెండు నెలల జీతం కోశారు, తెలుసా?

ఏడురోడ్లు: కాగితం కాదు. మా కాలేజీలో అప్‌డేట్ చేస్తాను, రెండు గంటలు ఆపనివ్వండి అని మూడుసార్లు అడిగాను. అడ్మిషన్లు అన్నారు, పరీక్షలు అన్నారు. చివరికి కంట్రోలర్ పోయింది. "నీకు తెలిసి కూడా ఎందుకు చేయలేదు" అని అందరి ముందూ నన్నే నిలబెట్టారు. నువ్వు చేసి మాట పడ్డావు, నేను చేయక పడ్డాను.

బురుజునీడ: అదే నా బాధ కూడా. ఫర్మ్‌వేర్ మీద నాకేం పగ లేదు. ఆగితే మనది తప్పు, రెండో సర్వర్ కొనమంటే డబ్బుల్లేవు. ఓనర్ సంతకం లేకుండా ఆ బటన్ నొక్కొద్దు తమ్ముడూ.

ఏడురోడ్లు: సంతకం కన్నా ముందు బ్యాకప్. ఉందా అని కాదు, వెనక్కి ఎక్కించి చూశావా అని అడుగుతున్నా.

టవర్‌క్లాక్: ఈ రాత్రి వేరే కంప్యూటర్‌లో ఎక్కించి చూశానన్నా. డేటాబేస్ తెరుచుకోలేదు. మూడు నెలలుగా ఖాళీ ఫైళ్లే పడుతున్నాయి. ఆదివారం అప్‌డేట్ పెట్టుకోవడం లేదు. ఆ ఫైళ్లు పట్టుకుని పొద్దున్నే ఓనర్ దగ్గరికి వెళ్తున్నాను.

బురుజునీడ: వెళ్లు. దాన్ని చూపించే రెండో సర్వర్ అడుగు.