పెళ్లి బయోడేటాలో ‘కబడ్డీ’ అని రాయాలా, దాచాలా?

కావలి రైడర్:
మాది కావలి. డిగ్రీలో యూనివర్సిటీ టీంకి కబడ్డీ ఆడాను, రైడర్‌ని, అంటే అవతలి కోర్టులోకి కూతకెళ్లేదాన్ని. ఇప్పుడు నెల్లూరులో ఉద్యోగం, అయినా సాయంత్రం ప్రాక్టీసు మానలేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్లిళ్ల పేరయ్యేమో "హాబీల దగ్గర వంట, పాటలు వినడం అని పెట్టండమ్మా, కబడ్డీ అంటే మగపెళ్లివాళ్లు జంకుతారు" అన్నాడు, ఆయన మాట పూర్తయ్యేలోపే అమ్మ పెన్ను తీసి కొట్టేసింది. ఈమధ్య ఒంగోలు సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయీ నేనూ కొన్నాళ్లు ఫోన్లో బాగానే మాట్లాడుకున్నాం. ఒకరోజు వీడియో కాల్‌లో మోచేతి మీద మచ్చేంటని అడిగితే, కబడ్డీలో అవతలి కోర్టు లోపల ఉండే బోనస్ లైన్ దాటి వెనక్కి తిరుగుతుంటే డిఫెండర్ చీలమండ పట్టేసింది, పడ్డానని నవ్వుతూ చెప్పా. ఆ తర్వాత మెసేజ్‌కి రిప్లై సాయంత్రానికి, ఆ పైన రెండు రోజులకి. చివరికి వాళ్లమ్మగారు "పిల్ల బాగుంది గానీ మగరాయుడంట" అన్నారని కబురు. ఇప్పుడు చెప్పండి, దాచడమే నయమా?

ఒంగోలు గిత్త:
చెల్లెమ్మా, దాచమని కాదు, ముందే రాయొద్దంటున్నా. మన వైపు ముందు చూసేది ఫొటో, జీతం, పొలం. అబ్బాయికి నువ్వు నచ్చాక కబడ్డీ అయితే ఏంటి, కర్రసాము అయితే ఏంటి. కాగితం మీద చూస్తే ఆ ఒక్క ముక్కే కనపడి నీ గురించి మిగతాదేదీ చదవరు. నేను మగాడిని కాబట్టి ఉన్నమాట చెప్తున్నా, మా ఫ్రెండ్స్‌లో సగం మంది పెళ్లాం మనకంటే గట్టిగా ఉంటే ఊళ్లో నవ్వుతారేమో అని ఆలోచించే రకమే.

నెల్లూరు కారం:
అన్నా, ఆ సగం మందే 2025 నవంబరు 2న అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చుని విజిల్స్ వేశారు కదా! ఆ మహిళల క్రికెట్ వరల్డ్ కప్‌లో మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి 14 వికెట్లు తీస్తే మా ఆడబిడ్డ అని స్టేటస్‌లు పెట్టింది మీరే. ఇంటికొచ్చే కోడలు ట్రాక్ ప్యాంటు వేసుకుని స్కూటీ తీస్తే మాత్రం ముఖం మాడ్చుకుంటారు. అందులో మళ్లీ ఆటకో లెక్క. షటిల్ అంటే అపార్ట్‌మెంట్ ఆట, ఓకే. క్రికెట్‌లో ఇప్పుడు డబ్బుంది, ఓకే. కబడ్డీ అంటే మట్టి, పట్టు, తోపులాట, కాబట్టి మొరటు. ఆసియా క్రీడల్లో మన కబడ్డీ అమ్మాయిలు 2010లో, 2014లో, మళ్లీ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో బంగారం తెచ్చారు, ఆ టీంలో ఒక్క పేరు చెప్పమను ఈ విజిల్ బ్యాచ్‌ని.

మైపాడు అల:
నేను ఆడను, చూస్తా. అది కూడా తంటానే. ఒకబ్బాయితో కాఫీకి వెళ్తే, నాకు క్రికెట్ పిచ్చి అనగానే పరీక్ష మొదలుపెట్టాడు. ఎల్‌బీడబ్ల్యూ చెప్పు, పవర్‌ప్లే చెప్పు. బంతి లెగ్ స్టంప్ బయట పడితే బ్యాట్స్‌మన్ షాట్ ఆడినా ఆడకపోయినా ఔట్ ఇవ్వరు, ఆఫ్ స్టంప్ బయట ప్యాడ్‌కి తగిలితే షాట్ ఆడాడా లేదా అన్నది చూస్తారు అని వివరిస్తుంటే మధ్యలోనే "దోశె చల్లారిపోతోంది" అన్నాడు. తెలియకపోతే ఫ్యాషన్ కోసం చూస్తున్నావంటారు, తెలిస్తే దోశె చల్లారుతుంది.

పొదిలి పీఈటీ:
నేను స్కూల్లో పీఈటీని, వాలీబాల్ ఆడేదాన్ని, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. గిత్త తమ్ముడు చెప్పింది నేనూ విన్నాను, అదే చేశాను కూడా, అందుకే చెప్తున్నా. అసలు గొడవ మగరాయుడు అన్న మాట దగ్గర రాదు. చాలామంది మొగుళ్లకి పెళ్లాం ఒకప్పుడు ఆడిందంటే గొప్పే, షీల్డు తీసుకెళ్లి హాల్లో షోకేసులో పెడతారు, చుట్టాలొస్తే చూపిస్తారు. ఇప్పుడు కూడా ఆడుతుందంటేనే పేచీ. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా నువ్వు గ్రౌండ్‌లో ఉంటే కుక్కర్ ఎవరు పెట్టాలి, అత్తగారికి టీ ఎవరివ్వాలి, పక్కింటివాళ్లు కోడలేదీ అంటే ఏం చెప్పాలి. పెళ్లికి ముందు ఈ గంటన్నర సంగతి ఎవరూ అడగరు, మనమూ చెప్పం. పెళ్లయ్యాక చెప్తే మోసం చేసినట్టు చూస్తారు. నాకు టోర్నమెంట్‌కి పంపడానికి మా ఆయన ఒప్పుకున్నాడు, రోజూ ప్రాక్టీసుకి మాత్రం పేచీ పెట్టాడు, ప్రాక్టీసు లేకుండా టోర్నమెంట్‌లో ఏం ఆడతావ్? అట్టా ఆగిపోయింది.

కరణం మల్లీశ్వరి పెళ్లి 1997లో అయింది, సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది 2000లో. భర్త కూడా వెయిట్‌లిఫ్టరే, పొద్దున లేచి జిమ్‌కి ఎందుకు పోవాలో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. బ్యాడ్మింటన్ సింధు వాళ్ల అమ్మానాన్న ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లే, నాన్న రమణ గారు 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన టీంలో ఉన్నారు. అందుకే కావలి చెల్లీ, కబడ్డీ అని ఒక్క మాట రాస్తే చాలదు. ఏ రోజులు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, అది కూడా రాయి.

ఒంగోలు గిత్త:
అక్కా, మల్లీశ్వరి, సింధు లెక్క వేరు. ఊరికి ఒక్క ఆటగాడు దొరకడమే కష్టం, మళ్లీ కులం కలవాలి, జాతకం కలవాలి. టైంటేబుల్ కూడా రాస్తే వచ్చే నాలుగు సంబంధాలు కూడా రావు.

పొదిలి పీఈటీ:
రాకపోతే రాకపోనీ. రాసినందుకు పోయేది ఎటూ పెళ్లయ్యాక ఆట మానిపించే సంబంధమే. ఆటగాడే కావాలని ఎవరన్నారు? కుక్కర్ పెట్టడం వస్తే చాలు. మూడు విజిల్స్ లెక్కపెట్టలేడా?

నెల్లూరు కారం:
ఈ కామెంట్ మా ఫ్యామిలీ గ్రూపులో వేస్తున్నా, తర్వాత ఏమవుతుందో నాకు తెలీదు.

మైపాడు అల:
కావలి అమ్మాయ్, ఒక చిట్కా. మాట కలిసిన అబ్బాయితో ఒక గేమ్ షటిల్ ఆడు, ఊరికే గెలిపించకు. మా కొలీగ్ 21–9తో గెలిచింది, అతను రాకెట్ బాగోలేదన్నాడు, లైటు కళ్లలో పడిందన్నాడు, ఆ తర్వాత ఆ కోర్టు వైపే రాలేదు. ఇంకొకతను ఓడిపోయి, బ్యాక్‌హ్యాండ్ సర్వీస్ నేర్పమన్నాడు. పెళ్లి వీడితోనే అయింది.

ఒంగోలు గిత్త:
నాకూ బ్యాక్‌హ్యాండ్ రాదు. (ఊరికే అన్నా.)

కావలి రైడర్:
అందరికీ థ్యాంక్స్. అమ్మ కొట్టేసిన కాగితం పక్కన పెట్టి కొత్తది టైప్ చేస్తున్నా. కబడ్డీ, సోమ బుధ శుక్ర, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. పీఈటీ అక్కా, దీన్ని జీతం పైన పెట్టనా, కింద పెట్టనా?

పొదిలి పీఈటీ:
పైనే పెట్టు. జీతం కనపడ్డాక కిందది ఎవరూ చదవరు.